అత్త నడుముకు కట్టిన గంట

మా అత్త నడుముకు పశువుల గంట కట్టుకొని పత్తి ఏరడానికి బయలుదేరిన రోజు నాకు నవ్వాగలేదు. మా ఆయన గడప మీద కూర్చొని, "పిల్లి మెడల గంట ఎవలు కడ్తరని లోకమంత అడుగుతది. మా అవ్వ జూడు, పిల్లినేమనకుంట తన నడుముకే కట్టుకున్నది" అని వాళ్లమ్మను ఆటపట్టించాడు. అత్త ఇద్దరినీ ఒకే చూపు చూసింది. "నవ్వుండ్రి. పులి మీ నవ్వులకు భయపడదు, సప్పుడుకు భయపడ్తది" అని కొంగు దోపుకొని ముందు నడిచింది. గంట లొడలొడమంటూ వాకిలి దాటింది. ఆ చప్పుడు తలుచుకుంటే నాకిప్పుడు నవ్వు రాదు.

నేను పుట్టి పెరిగింది గోదావరి ఒడ్డున, బొగ్గు గనుల కాలనీలో. గనిని అక్కడ బాయి అంటారు. మా బాపు బాయిపని చేసేవాడు. తిండి, నిద్ర, గొడవలు అన్నీ సైరన్ ప్రకారమే నడిచేవి. షిఫ్టు దిగే సైరన్ మోగగానే కాలనీలోని వీధికుక్కలన్నీ ఒక్కసారిగా లేచి పరుగెత్తేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు అది చూసి, పాపం సైరన్‌కు జడుసుకుంటున్నాయి అనేవారు. జడుపూ లేదు, పాడూ లేదు. అవి పరుగెత్తేది బాయి గేటు దగ్గరికి. పని దిగి వచ్చేవాళ్ల టిఫిన్ డబ్బాల్లో మిగిలిన రొట్టె ముక్కల కోసం. ఈ సంగతి కాలనీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన సంగతి అవసరమైనప్పుడు గుర్తుకు రావడానికి ఇంత కాలం పట్టింది, అదీ నా తెలివి.

పెళ్లయి వచ్చింది ఆసిఫాబాద్ అవతల అడవి అంచున ఉన్న ఊరికి. మా చేను చివర వాగు. వాగు దాటితే టేకు అడవి. ఆ అడవిలో పడి పోతూ ఉంటే నది, నది దాటితే మహారాష్ట్ర. సైరన్‌కు అలవాటు పడ్డ చెవులకు ఇక్కడి నిశ్శబ్దం మొదట్లో పిచ్చెక్కించింది. ఆ నిశ్శబ్దంలో పగలంతా వినిపించేవి కట్టె గంటలు. ఈ ఊళ్లో మందకు ముందు నడిచే ఆవు మెడలో, టేకు చెక్కను తొలిచి చేసిన గంట కడతారు. లోపల రెండు కట్టె నాలుకలు వేలాడుతుంటాయి. ఆవు అడవిలో ఏ మూల మేస్తున్నా జాడ తెలుస్తుంది. ఒక్కో ఇంటి గంటది ఒక్కో గొంతు. మా ఇంటి గంటను మా మామ తొలిచాడు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన పోయాడు. అత్త ఆయన ఫొటోకు దండ వేయడమైనా మరిచిపోయేది గానీ, ఆ గంటకు నూనె రాయడం మరిచిపోయేది కాదు.

అప్పట్లో దుప్పులు మా పశువుల్లో కలిసి మేసేవి. మచ్చల దుప్పులు, పక్కన మా ఆవులు, మధ్యలో గంట చప్పుడు. నేను నోరు తెరుచుకొని చూస్తుంటే అత్త చెప్పింది: "మనిషి వాసన ఉన్నకాడికి పులి రాదని దుప్పికెర్క. గందుకే మన పసులల్ల జొరబడ్తది." అప్పుడు పులి అనేది మా దగ్గర మాటల్లోనే ఉండేది. అత్త చిన్నతనంలో ఎవరో చూశారట, వాళ్ల తాత ఎవరికో చెప్పాడట. నేను ఆ కబుర్లు విని హాయిగా నిద్రపోయేదాన్ని.

తర్వాత ఒక ఏడు, వానలు వెనకబట్టాక, అది వచ్చింది. నది దాటి వచ్చిందని ఫారెస్టోళ్లు చెప్పారు. మొదట మా వాడకట్టులోనే ఒక ఇంటి ఆవును పట్టింది. మందకు ముందు నడిచే ఆవు. పది రోజులు తిరక్కుండానే పక్క వాడకట్టులో ఇంకోటి పోయింది. అదీ ముందు నడిచేదే. "ముందుగాల నడిసేది ముందుగాల చిక్కుతది, గంతే గద" అన్నారు అందరూ. సరిగ్గానే ఉంది మాట. నేనూ తల ఊపాను. రెండింటి మెడలోనూ గంట ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ముందు నడిచే ఆవుకు గంట ఉండదా మరి, అందులో విశేషం ఏముంది.

అది వచ్చాక అన్నీ మారాయి. దాన్ని చూసినవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్క, కానీ దాన్ని చూడని ప్రాణి కూడా మారింది. మా పశువులు వాగు వరకు వెళ్లి ఆగిపోయేవి. మేత అవతల గట్టున మోకాలెత్తు పెరిగి ఉన్నా, ఇవతల గడ్డి దుబ్బులనే కొరుక్కుంటూ ఉండేవి. పాలకు కూర్చుంటే ఆవు చేపేది కాదు. మా కుక్క నోరు మూతబడింది. మనుషులం మాత్రం తక్కువా? పొద్దెక్కితే గానీ చేనుకు పోవడం లేదు, ఎండ వాలకముందే ఇంటికి. మంచెల మీద కావలి కాసే మగవాళ్లు మంచెలు దిగారు. మేం లేని ఆ వేళల్లో అడవిపందులు, దుప్పులు చేలల్లో పడ్డాయి. పత్తి సాళ్ల మధ్య వేసిన కంది మొదలంటా పోయింది. పందులు మాకు భయపడేవి, మేం పులికి భయపడ్డాం, అది తెలుసుకున్న పందులు మా నెత్తినెక్కాయి. ఒకళ్ల భయం ఇంకొకళ్లకు మేత అయింది. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీద కోపగించాలో తెలియక మా ఆయన మీద కోపగించేదాన్ని.

అప్పుడు అత్తకు ఆ ఆలోచన వచ్చింది. మా మందకు ముందు నడిచే ఆవు ముసలిదైపోయింది, దాన్ని ఇంటి దగ్గరే కట్టేశాం. దాని మెడలోని గంట విప్పి, వాగు గట్టు మీది కంచె తీగకు వేలాడదీసింది. గాలి వస్తే మోగేది. మరునాటి నుంచి మా చేలో ఒక్క దుప్పి లేదు. పంది లేదు. కంది మళ్లీ చిగురేసింది.

"మీ మామ పోయినంక గూడ చేను కాస్తుండు సూడు" అంది అత్త. ఆ మాటంటున్నప్పుడు ఆమె ముఖం చూస్తే ఎవరికైనా కడుపు నిండిపోతుంది.

ఊరంతా అదే పని చేసింది. అటకల మీద దుమ్ముకొట్టుకుపోయిన గంటలన్నీ దిగాయి. గంట లేనివాళ్లు కొత్తగా తొలిపించుకున్నారు. వాగు పొడవునా కంచెలకు గంటలు. గాలి లేస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా లొడలొడలొడ. చేలు నిమ్మళంగా ఉన్నాయి. ఒక ఉదయం మా గంట కింద తడి మట్టిలో అడుగులు కనిపించాయి. మా ఆయన అరచెయ్యి పెట్టి చూశాడు, అడుగులో చెయ్యి మొత్తం ఇమిడిపోయింది. వాగులోంచి తిన్నగా గంట దాకా వచ్చి, అక్కడ గిరగిరా తిరిగి, మళ్లీ వాగులోకి దిగిపోయాయి.

"సూసిన్రా, గంట కాడికొచ్చి మర్లిపోయింది" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. అందరికీ ధైర్యం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ ఆ అడుగులు వాగులో వేరే ఎక్కడా లేవు. దారి వెతుక్కున్నట్టు లేవు. నేరుగా వచ్చాయి. పదిమంది సంతోషంగా ఉన్నచోట ఆ మాట అనబుద్ధి కాలేదు.

పత్తి పగిలి చేలన్నీ తెల్లబడ్డ రోజుల్లో, పక్క ఊరి చేనులో పత్తి ఏరుతున్న ఒక మనిషిని అది పట్టింది. నా ఈడు మనిషి. ఆమెతో పాటు ఏరుతున్నవాళ్లకు కేక కూడా వినిపించలేదట. పత్తి చెట్లు ఊగాయట, అంతే. పత్తి ఏరేటప్పుడు నడుము వంచి, ఏరిన పత్తి వేసుకోను కొంగుతో ఒడి కట్టుకొని, తల కాయల్లో పెట్టి నడుస్తాం. వెనక నుంచి చూస్తే మనిషి ఆనవాలు ఉండదు, ఏదో పశువు మేస్తున్నట్టే ఉంటుంది. చావుకు వెళ్లి వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఫారెస్టోళ్లు వచ్చి గుంపుగా పొండి, ఒంటరిగా ఉండకండి, చప్పుడు చేస్తూ ఉండండి అని చెప్పి పోయారు. ఏరడం మానేస్తే పగిలిన పత్తి నేల రాలుతుంది. ఆ ఏడంతా మేం చేసిన చాకిరి అదే.

చప్పుడు చేయమన్నారు కదా. అత్త పొద్దున్నే వెళ్లి కంచె మీది గంట విప్పి తెచ్చి నడుముకు కట్టుకుంది. మేం నవ్వింది అప్పుడే.

కొన్నాళ్లు బాగానే జరిగింది. అత్త ఏ సాలులో ఉందో తల ఎత్తకుండానే తెలిసేది. తోటి ఆడవాళ్లు, "వదినా, నిన్ను జూస్తే పాలు పిండబుద్దయితుంది" అని ఆటపట్టించేవారు. "పిండుకో, తంతే మల్ల ఏడ్వకు" అనేది అత్త.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని అందరం గట్టు మీది చింతచెట్టు నీడలో ఉన్నాం. అత్తకు కూర్చోబుద్ధి కాదు. వాగు పక్క సాలు ఒకటి మిగిలింది, మీరు లేచేలోపు ఏరుకొస్తానని వెళ్లింది. నేను వెళ్లొద్దన్నాను. "గంట ఉన్నదిగద, ఫికర్ జెయ్యకు" అంది. వెళ్లిపోయింది. గంట దూరమవుతూ వినిపిస్తూ ఉంది.

నేను నీళ్లు తాగి మూత పెడుతూ అటు చూశాను. మా చేను పక్కన, వాగు అంచు దాకా, ఎవరూ వేయని బీడు ఉంది. అందులో దుప్పులు మేస్తున్నాయి. ఎండలో వాటి వీపులు కనిపిస్తున్నాయి. అత్త వాటికి దగ్గరగానే ఉంది, కూర్చొని కింది కాయలు ఏరుతోంది, గంట మోగడం లేదు. అవి తల వంచి మేస్తున్నాయి. అత్త లేచి అడుగు వేసింది. గంట మోగింది. దుప్పులన్నీ ఒక్కసారి తలలు ఎత్తాయి.

అవి అత్త వైపు చూడలేదు.

వాగు వైపు చూశాయి. గంట ఇక్కడ మోగుతుంటే, మోగుతున్న దిక్కుకు వీపు పెట్టి, అన్నీ వాగు వైపే చెవులు రిక్కించి నిలబడ్డాయి. అత్త మళ్లీ వంగింది, గంట ఆగింది. అవి మేయలేదు. అత్త ఇంకో అడుగు వేసింది, గంట మోగింది, అవి పరుగందుకున్నాయి. గంటకు జడుసుకుంటే అత్తకు దూరంగా పోవాలి కదా. అవి అత్త మీదికే వచ్చినట్టు వచ్చి, ఆమెను దాటుకొని ఊరి వైపు పోయాయి. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకొని వాటిని చూసి, పోతున్నందుకు సంతోషపడి, మళ్లీ పత్తిలో వంగింది.

నాకు మా కాలనీ సైరన్ గుర్తుకొచ్చింది. గేటు వైపు పరుగెత్తే కుక్కలు గుర్తుకొచ్చాయి. గంట మెడలో ఉన్న రెండు ఆవులు, గంట కింద గిరగిరా తిరిగిన అడుగులు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. పులికి గంట అంటే భయం లేదు. గంట మోగితే అన్నం దొరుకుతుందని అది నేర్చుకుంది. అది గంట దగ్గరికి వస్తుందని దుప్పులు నేర్చుకున్నాయి. ఏమీ నేర్చుకోనిది మేమే. కొరివితో తల గోక్కుంటూ, చల్లగా ఉంది చల్లగా ఉంది అనుకున్నాం.

భయం అంటే గుండె కొట్టుకోవడం అనుకునేదాన్ని. కాదు, నాకు నోట్లో నాలుక ఎండి రాయిలా అయింది. అయినా నడిచాను. పరుగెత్తలేదు, ఎందుకో పరుగెత్తకూడదనిపించింది. సాళ్ల మధ్య నిటారుగా, తల పైకి పెట్టి, మనిషినని కనిపించేలా నడిచి అత్త దగ్గరికి చేరాను.

"అత్తా, గంట పట్టుకో."

"ఏమైందే?"

"గంట పట్టుకో అత్తా. సప్పుడు రానియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

నా ముఖంలో ఏం చూసిందో, గంటను రెండు చేతులతో నడుముకేసి అదుముకుంది. చప్పుడు ఆగింది. అప్పుడు వినిపించింది. వాగు ఒడ్డున ఎండిన రెల్లులో ఏదో కదులుతోంది. గంట మోగినంతసేపూ కదులుతూనే ఉండి ఉంటుంది, ఆ లొడలొడలో మాకు వినిపించి ఉండదు. గంట ఆగిన కాసేపటికి అది కూడా ఆగింది.

ముడి విప్పబోతే రాలేదు. చెమటకు తాడు బిగిసిపోయింది. నేను మోకాళ్ల మీద కూర్చొని ముడిని పళ్లతో కొరికాను. నూనె, చెమట, ఆవు వాసన నోట్లోకి వచ్చాయి. అత్త గంటను రెండు చేతులతో అలాగే అదిమి పట్టుకొని ఉంది. ముడి ఊడాక గంటను ఒక పత్తి చెట్టు కొమ్మకు మెల్లగా తగిలించాను. ఇద్దరం చేతులు పట్టుకొని, ముఖాలు వాగు వైపే పెట్టి, వెనక్కి వెనక్కి నడిచాం. చింతచెట్టు కిందివాళ్లు మా నడక చూసే లేచి నిలబడ్డారు.

మేం వాళ్లను చేరేసరికి గంట ఒక్కసారి మోగింది.

గాలి లేదు. చేలో ఒక్క ఆకు కదలడం లేదు. గంట మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా, ఆవు తల విదిలించినప్పుడు మోగినట్టు. తర్వాత కొమ్మ విరిగిన చప్పుడు. మేం అందరం ఒకరినొకరు పట్టుకొని ఊళ్లోకి వచ్చాం. దారిలో ఎవరూ వెనక్కి చూడలేదు.

సాయంత్రం మా ఆయన, ఇంకొందరు మగవాళ్లు, ఫారెస్టోళ్లతో కలిసి వెళ్లి గంటను తెచ్చారు. వాగు ఇసుకలో దొరికిందట. చెక్క మీద పళ్లు దిగిన గుంతలు ఉన్నాయి. మా ఆయన దాన్ని అరుగు మీద పెట్టాడు. ఆ రోజు ఆయనకు హాస్యం రాలేదు. అత్త గంటను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లు నిండాయి, కానీ కారలేదు. లేచి పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి నీళ్ల పొయ్యి దగ్గర నుంచి పిలిచింది: "బిడ్డా, నీళ్లు కాగినయ్. పోయి తానం జెయ్." పొయ్యిలో టేకు చెక్క నూనె కారుస్తూ మండుతోంది. స్నానం చేశాను.

ఒక్క వారంలో వాగు పొడవునా గంటలన్నీ దిగిపోయాయి. ఎవరూ ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. ఆవుల మెడల్లో తాళ్లే ఉన్నాయి. మా అత్త కడియాలు విప్పేసింది. పెళ్లినాటి నుంచి కాళ్లకున్న కడియాలు, అవి ఉన్నచోట చర్మం తెల్లగా మిగిలింది. ఊళ్లో ఆడవాళ్లం చెయ్యి ఊపి పిలుచుకుంటాం, కనుసైగతో అడుగుతాం. మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఎంత నెమ్మదస్తుల ఊరు అంటారు.

గంటలు పోయాక దుప్పులు తిరిగి వచ్చాయి. మా చేలోనే పడి కంది తింటాయి. ఒకప్పుడు వాటి మీద రాయి విసరని రోజు లేదు అత్తకు. ఇప్పుడు విసరదు. మొదటిసారి అవి కందిలో కనిపించినప్పుడు నేను రాయి తీసుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

"తిననియ్. అవి తల వంచుకొని తిన్నంత సేపు మనం తల వంచుకొని ఏరుకోవచ్చు."

అప్పటి నుంచి అలాగే జరుగుతోంది. చేనుకు పోగానే ముందు వాటిని చూస్తాం. అవి మేస్తుంటే ఒడి కట్టుకొని సాళ్లలోకి దిగుతాం. నాలుగు కాయలు ఏరి ఒకసారి వాటి వైపు చూస్తాను. అవి తల ఎత్తితే మేమూ ఎత్తుతాం. మళ్లీ వంచితే మేమూ వంచుతాం. పంట సగం వాటి పాలవుతోంది. ఒకప్పుడైతే నేను ఊరంతా తిట్టి పోసేదాన్ని. ఇప్పుడు దుప్పి పళ్ల మధ్య మా కంది నలుగుతున్న చప్పుడు వింటే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఇంత దిగజారామా అని ఒక్కోసారి మండుతుంది కూడా. అయినా చెవి మాత్రం అటే ఉంటుంది.

ఇవాళ పొద్దెక్కాక అత్తా నేనూ చేనుకు వెళ్లాం. మంచు విడిచింది. ఎండ బాగా కాస్తోంది. రాత్రికి రాత్రి పగిలినట్టు పత్తి చేను ఈ గట్టు నుంచి వాగు దాకా తెల్లగా ఉంది. ఇవాళ ఏరకపోతే సగం నేల పాలవుతుంది.

కందిలో దుప్పులు లేవు. బీడులోనూ లేవు.

నేను అత్త వైపు చూశాను. అత్త వాగు వైపు చూస్తోంది. అప్పటికే కట్టుకున్న ఒడిని మెల్లగా, చప్పుడు కాకుండా విప్పింది.